ఆ ఉత్తరంలో కట్ చేసిన ఒక మార్కు



ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రశ్న దాదాపు ప్రతి ఏడాదీ వస్తుంది. విహారయాత్రకు వెళ్ళడానికి అనుమతి, డబ్బులు కోరుతూ నాన్నగారికి ఉత్తరం రాయండి అని. మీరు చదువుకున్న రోజుల్లో మీకూ వచ్చే ఉంటుంది. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే పిల్లలందరూ అరకు, బొర్రా గుహలు, విశాఖ జూ దగ్గరే తిరుగుతున్నారు. అందరూ వెయ్యి రూపాయలే అడిగారు. అందరూ మనియార్డర్ పంపమన్నారు. గైడులో అలాగే ఉంటుంది మరి. మనియార్డర్ అంటే ఏమిటని మర్నాడు క్లాసులో అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఒక్క అబ్బాయి మాత్రం బ్రస్సెల్స్ వెళ్తానని రాశాడు. బెల్జియం రాజధానిలో ఏటా ఫిబ్రవరి మొదట్లో ఒక శని, ఆదివారాల్లో ఫాస్‌డెమ్ అనే కంప్యూటర్ సమావేశం జరుగుతుందట. ప్రవేశ రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, కాబట్టి విమానం టికెట్‌కి, అక్కడ ఉండడానికి మాత్రం డబ్బులిస్తే చాలు నాన్నా అని. చిరునామా, తేదీ, సంబోధన అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఒక్క స్పెల్లింగ్ తప్పుంది. దానికో మార్కు పోయింది. పక్కన ఎర్ర ఇంకుతో ‘వాస్తవానికి దగ్గరగా రాయి’ అని రాసి ఇంకో మార్కు కట్ చేశాను. పదికి ఎనిమిది.

ఆ రెండో మార్కు గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఆ తర్వాత వారం పేరెంట్స్ మీటింగ్‌కి ఆ అబ్బాయి నాన్నగారు వచ్చారు. ఎరువుల కొట్టు ఉన్న మనిషి, సీజన్లో కూడా మీటింగ్ మానరు. మార్కుల కార్డు చూసి, సంతకం పెట్టి, లేవకుండా కూర్చున్నారు. “మా గుంటడు రాత్రి పన్నెండైనా కంప్యూటర్ ముందే కూకుంటన్నాడు మేడమ్. గేమ్సేటో మరేటో నాకు తెలీదు. లాగీసి బీరువాలో ఎట్టీమంటారా?” అని అడిగారు. వెనక ఇంకా పదిమంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. పరీక్షలయ్యేదాకా పెట్టేయండి, అదే మంచిది అన్నాను. అర నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆ అబ్బాయిని తర్వాత ఒక రోజు లంచ్ బ్రేక్‌లో పిలిచి, బ్రస్సెల్స్ నీ బుర్రలోకి ఎలా వచ్చిందని అడిగాను. చెప్పడానికి మొదట ఇష్టపడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. వాళ్ళ పెద్దనాన్న కొడుకు కాలేజీ అయ్యాక వదిలేసిన పాత కంప్యూటర్ ఇంట్లో ఉంది. విండోస్ దాని మీద నత్తలా నడుస్తుంటే లైనక్స్ వేసుకున్నాడు. అందులో ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాం తెలుగులో కూడా ఉంది. కానీ ఆ తెలుగు చూస్తే నవ్వొచ్చిందట. ‘సేవ్’ అన్న చోట ‘రక్షించు’ అని, ‘రన్’ అన్న చోట ‘పరుగెత్తు’ అని ఉందట. ఇలాంటి ప్రోగ్రాములకు ఒక పద్ధతి ఉంది. తప్పు ఎవరి కంట పడినా సరైన మాట రాసి పంపవచ్చు. ఆ పని చూసుకునేవాళ్ళు పరిశీలించి, బాగుంటే తర్వాతి విడతలో చేరుస్తారు. ఇతను ముప్పై నలభై మాటలు సరిచేసి పంపాడు. ‘భద్రపరచు’, ‘నడిపించు’ ఇలాగ. ఎక్కడో జర్మనీలో ఉన్న పెద్దాయన ఒకరు ధన్యవాదాలు చెప్పి, ఫిబ్రవరిలో మేమంతా బ్రస్సెల్స్‌లో కలుస్తాం, ఎప్పుడైనా రా అని రాశారట.

అంటే మనం గేమ్స్ అనుకున్న ఆ రాత్రుల్లో అతను చేసింది తెలుగు, ఇంగ్లీషు రెండూ తెలిస్తే తప్ప చేయలేని పని. అతని ఇంగ్లీషు టీచర్ని నేను. క్లాసులో తెలుగు వినబడితే ఊరుకోని టీచర్ని కూడా నేనే.

అప్పుడే వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేయాల్సింది. పరీక్షలు దగ్గరపడ్డాయని వాయిదా వేశాను. ఈలోగా ఈ సమావేశాల సంగతేమిటో తెలుసుకుందామని రోజూ రాత్రి కాసేపు చదివాను, అక్కడి ప్రసంగాల వీడియోలు చూశాను. వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఫాస్‌డెమ్ 2000లో మొదలైంది. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలో, మామూలు తరగతి గదుల్లో జరుగుతుంది. రెండు రోజుల్లో వందల ప్రసంగాలు. వేలమంది వస్తారు. గది నిండిపోతే తలుపు మీద ‘నిండింది’ అని కాగితం పెడతారు, అంతే, ఎంత గొప్పవాళ్ళయినా బయట నిలబడాల్సిందే. నడిపేవాళ్ళంతా స్వచ్ఛంద కార్యకర్తలు. వీడియోల్లో నాకు నచ్చింది ప్రసంగం అయ్యాక జరిగేది. మాట్లాడిన మనిషి దిగి కారిడార్లో నిలబడతాడు, చుట్టూ పదిమంది చేరతారు, అందులో కాలేజీ కుర్రాడూ ఉంటాడు, నెరిసిన గడ్డం ఆయనా ఉంటాడు, ఎవరూ ఎవరినీ ఏ కంపెనీ, ఏ ర్యాంకు అని అడగరు. నువ్వు ఏం చేశావు అని అడుగుతారు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో 1992 నుంచి అసెంబ్లీ అనే ఉత్సవం జరుగుతోంది. అక్కడి పోటీల్లో ఒకటి వింటే మీకు నమ్మకం కలగదు. నాలుగు కిలోబైట్ల ప్రోగ్రాంలో కొండలు, మేఘాలు, సంగీతం అన్నీ పుట్టించాలి. మనం పొద్దున్నే వాట్సాప్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ దానికి ఎన్నో రెట్లు పెద్దది. బహుమతి కన్నా ఆ హాల్లో చీకట్లో కూర్చుని చూసే జనం చప్పట్లే వాళ్ళకు ముఖ్యం. 2020లో ఫిన్లాండ్ ఈ కళను తన జాతీయ సజీవ వారసత్వ జాబితాలో చేర్చింది. మనకు తప్పెటగుళ్ళు ఎలాగో వాళ్ళకు ఇదీ అలాగన్నమాట.

‘హాబీ కడుపు నింపుతుందా’ అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఫీజు కట్టేది మీరు. దీనికి చరిత్రలో ఉన్న జవాబు ఇది. 1975 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక ఇంటి గ్యారేజీలో కొందరు కంప్యూటర్ పిచ్చివాళ్ళు కలిశారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ మీటింగుల్లో స్టీవ్ వోజ్నియాక్ తను తయారుచేసిన కంప్యూటర్ నమూనాను అందరికీ చూపించాడు, దాని డిజైన్ కాగితాలు అడిగినవాళ్ళకు ఉచితంగా ఇచ్చాడు. అదే ఆపిల్ మొదటి కంప్యూటర్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ హెల్సింకీ విద్యార్థి తను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, ఇది హాబీయేనని, పెద్దదేమీ కాదని తోటివాళ్ళకు తెలియజేశాడు. అదే లైనక్స్. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు అడుగున ఉన్నది అదే. అయితే ఈ ఇద్దరి పేర్లూ చెప్పి మీ అబ్బాయీ అంత అవుతాడని ఆశ పెట్టడం నా ఉద్దేశం కాదు. అవకపోవచ్చు. నేను చెప్పేది అంతకన్నా చిన్న విషయం. వాళ్ళు ఒంటరిగా గదిలో కూర్చుని పెద్దవాళ్ళు కాలేదు. తమలాంటి పిచ్చి ఉన్న ఇంకొందరిని కలిశారు.

రాజాంలో ఉన్న పిల్లాడికి అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? క్లాసులో నలభై మంది ఉంటారు, అందులో ఇతని మాట అర్థమయ్యేది ఒకరికో ఇద్దరికో. ఇంటర్నెట్‌లో దొరుకుతారు, నిజమే. కానీ ఎదురుగా కూర్చుని ఒకే కంప్యూటర్ మీద ఇద్దరూ తలలు వంచి తప్పు వెతకడం వేరు. పెళ్ళిచూపులు వీడియో కాల్‌లో అయినా మనం ఇంటికి వెళ్ళి చూడకుండా సంబంధం ఖాయం చేసుకోం కదా. ఏడాదంతా ఇంటర్నెట్‌లో కలిసి పనిచేసేవాళ్ళు కూడా ఏడాదికోసారి ఇంతింత దూరాలు వెళ్ళి కలుసుకునేది అందుకే.

అక్కడ మన భాషవాళ్ళు ఉండడం వాళ్ళకూ అవసరమే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు వచ్చిన జబ్బు మీకు గుర్తుందో లేదో. ‘జ్ఞానం’లో ఉన్న ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో ఎవరైనా మెసేజ్‌లో పంపితే చాలు, అందుకున్న ఫోన్లో ఆ యాప్ కూలబడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలబడేది. కొద్ది రోజుల్లో ఆపిల్ ఒక అప్‌డేట్ విడుదల చేసి సరిదిద్దింది. ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఫోన్లను తికమక పెట్టిందని అప్పట్లో మనవాళ్ళు నవ్వుకున్నారు. నాకైతే ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. ఒత్తులు, గుణింతాలు పుట్టినప్పటి నుంచి చూసినవాడు ఒకడు ఆ బల్ల దగ్గర ఉంటే ఆ తప్పు ముందే కంటపడి ఉండేదేమో.

ఇదంతా విదేశాల ముచ్చట, మనకేంటి అనుకోకండి. తెలుగు వికీపీడియా సంగతి చూడండి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు దాన్ని మొదలుపెట్టారు. తెలుగు టైపు చేయడమే గగనమైన రోజులవి. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసినవాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ రాత్రిపూట రాసినవాళ్ళు, రిటైరై రాస్తున్నవాళ్ళు. ప్రపంచంలోని అన్ని భాషల వికీపీడియన్లూ కలిసే వార్షిక సమావేశం పేరు వికీమేనియా. 2005లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలై 2014లో లండన్, 2019లో స్టాక్‌హోమ్, 2023లో సింగపూర్, 2024లో పోలండ్‌లోని కటోవిచ్, ఇలా ఊరూరా తిరుగుతోంది. బాగా పనిచేసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే, ఎంపికైనవారికి ప్రయాణం, బస ఖర్చులు నిర్వాహకులే భరిస్తారు. అలా తెలుగువాళ్ళూ వెళ్ళారు. ప్రయాణానికి అర్హత డిగ్రీ కాదు, బ్యాంకు బ్యాలెన్సు కాదు, రాసిన వ్యాసాలు.

2016లో అదే సమావేశం ఇటలీ కొండల్లో ఏసినో లారియో అనే పల్లెటూళ్ళో జరిగింది. ఆ ఊరి జనాభా వెయ్యి కూడా లేదు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు గ్రామస్తుల ఇళ్ళల్లో కూడా బస చేశారట. అది చదివినప్పుడు మన పాలకొండ రోడ్డు, మన ఇంజనీరింగ్ కాలేజీ, మన లాడ్జీలు కళ్ళ ముందు మెదిలాయి. సరే, అది నా పగటికల.

దగ్గర్లోనూ జరుగుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో దేశంలోని వికీపీడియన్లంతా హైదరాబాద్‌లో కలిశారు. 2024 జనవరిలో తెలుగు వికీపీడియా ఇరవయ్యేళ్ళ పండగ మన విశాఖలోనే చేసుకున్నారు. 2023 సెప్టెంబరులో డెబియన్ అనే లైనక్స్ తయారుచేసేవాళ్ళ ప్రపంచ సమావేశం కొచ్చిలో ఎనిమిది రోజులు జరిగింది. అంత దూరమా అనకండి. అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ళవాళ్ళందరికీ తెలిసిన బొకారో ఎక్స్‌ప్రెస్ దారే అది.

మన ప్రాంతానికి సముద్రం దాటడం కొత్త కాదు. కళింగపట్నం రేవు నుంచి రంగూన్ ఓడ ఎక్కినవాళ్ళ మనవలు మనలో ఉన్నారు. ఆ తర్వాత గల్ఫ్ వెళ్ళారు. ఇప్పుడు అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వెళ్తున్నారు. మొదటివాళ్ళు కూలికి వెళ్ళారు, వీళ్ళు అప్పు చేసి చదువుకి వెళ్తున్నారు. అందుకే ప్రయాణం అనగానే మనకు వచ్చే మొదటి ప్రశ్న, ఎంత పెడితే ఎంత వస్తుంది. ఇంకో రకం ప్రయాణమూ ఉంది. ఇష్టంతో చేసిన పని ముందు వెళ్ళి, ఆ వెనక మనిషి వెళ్ళేది.

కొన్ని విద్యాసంస్థలు పిల్లల్ని అమెరికా రాకెట్ కేంద్రాలు చూపించడానికి తీసుకెళ్తుంటాయి. వాటిని తక్కువ చేయను. రాకెట్‌ని కళ్ళతో చూసిన పిల్లకి ఆ రోజు జీవితాంతం గుర్తుంటుంది. కానీ అక్కడ పిల్లలు ప్రేక్షకులు. డబ్బు కట్టారు, చూశారు, ఫొటో దిగారు. నాలుగు లక్షలు అప్పు చేసి అలాంటి టూర్‌కి పంపడానికి సిద్ధపడే తండ్రి, పైసా ఖర్చు లేని పాత కంప్యూటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ తాళం వేయమన్నది నేనే కాబట్టి ఇంకా బాధగా ఉంటుంది.

తొమ్మిదో తరగతి అబ్బాయిని వచ్చే ఫిబ్రవరికి విమానం ఎక్కించమని నేను చెప్పడం లేదు. ఐదారేళ్ళ తర్వాతి మాట ఇది. అప్పటికి వీసాకి మాత్రమే 90 యూరోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హైదరాబాద్ ప్రయాణాలు అన్నీ ఉంటాయి, నాకు తెలుసు. ఇప్పుడు అడుగుతున్నది చాలా తక్కువ. వారానికి రెండు మూడు గంటలు ఆ కంప్యూటర్‌ని వదలండి. హాల్లో, అందరికీ కనబడే చోట పెట్టండి. రాత్రి పదికి కట్టేయించండి. ఇంటర్నెట్‌లో ఎవరితో మాట్లాడుతున్నాడో అడగండి, ఆ ఉత్తరాలు చూపించమనండి. ముక్కూమొహం తెలియనివాళ్ళతో పరిచయం అంటే మీకున్న భయం నాకూ ఉంది. దయచేసి దాన్ని కోడింగ్ కోర్సుగా మార్చి ఫీజు కట్టకండి. మార్కులు వేయడం మొదలుపెట్టిన రోజున ఆ ఇష్టం చచ్చిపోతుంది. మార్కులు వేసే ఉద్యోగంలో ఉన్న మనిషిగా చెబుతున్నాను.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అదే క్లాసులో ఒక అమ్మాయి ఉంది. కంప్యూటర్ ల్యాబ్‌లో ఏదైనా మొరాయిస్తే మా సార్ కూడా ముందు ఆ అమ్మాయినే పిలుస్తారు. విశాఖలో ఒక రోజు వర్క్‌షాప్ ఉంది, నేను వెంట ఉంటాను, సాయంత్రానికి తీసుకొచ్చేస్తాను అంటే ఇంట్లో ఒప్పుకోలేదు. చీపురుపల్లి స్టేషన్లో రైలెక్కితే ఎంతసేపు ప్రయాణమో మీకు తెలియనిది కాదు. రేపు అదే అమ్మాయిని పెళ్ళి చేసి డల్లాస్ విమానం ఒంటరిగా ఎక్కించడానికి మాత్రం మనకు భయం ఉండదు. ఇది రాసినందుకు వాళ్ళమ్మగారికి నా మీద కోపం రావచ్చు. వచ్చినా సరే, ఒకసారి స్కూలుకు వచ్చి నాతో మాట్లాడమని కోరుతున్నాను.

మళ్ళీ ఆ అబ్బాయి దగ్గరికి వస్తాను. మొన్న జరిగిన పరీక్షలో అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఇతని పేపర్ కోసం కట్టలో వెతికి ముందుగా తీశాను. అరకు వెళ్తానని రాశాడు. వెయ్యి రూపాయలు అడిగాడు. మనియార్డర్ పంపమన్నాడు. స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. ఎక్కడ కట్ చేయాలో తెలియక పదికి పది వేశాను.

ఆ సాయంత్రం వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాను. బీరువా విషయంలో నేను తొందరపడి చెప్పానండి అన్నాను. అతను చేసిన పని, జర్మనీ నుంచి వచ్చిన జవాబు, బ్రస్సెల్స్, అన్నీ చెప్పాను. కొట్లో ఎవరో బస్తాలు దింపుతున్నట్టున్నారు, మధ్యమధ్యలో వాళ్ళకేదో చెబుతున్నారు. చివరికి, “ఆడు తెలుగు మాటలు దిద్దితే ఆ దొర ఒప్పుకున్నాడంటారా మేడమ్?” అని అడిగారు. ఒప్పుకున్నారండి, కొత్త విడతలో ఉన్నాయి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆదివారం కొట్టు సగం పూటే. ఆ కంప్యూటర్ బయటికి తీస్తాను. అందులో ఏ మాట ఆడిదో నాకూ సూపించమని సెప్పండి” అన్నారు.